గాలివాన తర్వాత ఇంటి సైడింగ్‌ను పరీక్షించడం: దెబ్బ ఏ దిక్కు నుంచి వచ్చిందో ముందు చూడండి

మీ ప్రశ్నలోని విషయం క్లుప్తంగా ఇది. షికాగో శివారైన నేపర్‌విల్‌లో 2002లో కట్టిన మీ ఇంటికి ముందువైపు ఇటుక గోడ, మిగిలిన మూడు వైపులా వినైల్ సైడింగ్, అంటే గోడ బయట వరుసలుగా తొడిగే ప్లాస్టిక్ పలకలు (పానెళ్లు) ఉన్నాయి. పోయిన వారం రాత్రి పెద్ద గాలితోపాటు వడగళ్లు పడ్డాయి. మర్నాడు ఒక రూఫింగ్ సంస్థ మనిషి తలుపు తట్టి, సైడింగ్ మొత్తం పోయిందని, ఇన్సూరెన్స్ వాళ్లతో తామే మాట్లాడి అంతా కొత్తది వేయిస్తామని, డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందుగా మీరు భరించవలసిన మొత్తం) భారం కూడా మీ మీద పడకుండా చూస్తామని చెప్పి సంతకం అడిగాడు. మీరు ఇంటి చుట్టూ తిరిగి చూస్తే రెండు మూడు పగుళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. పడమటి వైపు పడకగదిలో మాత్రం గాలి వీచినప్పుడల్లా టపటపమనే చప్పుడు కొత్తగా మొదలైంది. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే అడ్జస్టర్ వచ్చేలోగా మీ అంతట మీరు ఏమి చూడాలి, ఎలా చూడాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా షికాగో పశ్చిమ శివార్లలో ఇళ్ల తనిఖీ చేస్తున్నాను. మీరు చూసిన రెండు మూడు పగుళ్లే నిజం కావచ్చు, ఆ మనిషి చెప్పినదే నిజం కావచ్చు. ఎవరి మాటా నమ్మనవసరం లేకుండా మీకు మీరే తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది, అది దిక్కును పట్టి చూడడం. గాలివాన ఒక వైపు నుంచి వస్తుంది కాబట్టి అది చేసిన నష్టం ఇంటి మీద ఒక క్రమంలో పడుతుంది. ఎండకు, చలికి, ఏళ్ల వాడకానికి కలిగే నష్టానికి ఆ క్రమం ఉండదు. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుని ఇంటి చుట్టూ తిరిగితే, ఇప్పటిదాకా కంటికి ఆననివి చాలా కనిపిస్తాయి.

ముందుగా సైడింగ్ పని ఏమిటో ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో ఇటుక గోడకు సిమెంటు పూత పూస్తే ఆ గోడే వానను ఆపుతుంది. ఇక్కడి వినైల్ అలా కాదు. గొర్రెలకాపరి వానలో కప్పుకునే గొంగళి లాగా అది నీటిలో ఎక్కువ భాగాన్ని జార్చివేస్తుందే తప్ప, చుక్క కూడా లోపలికి పోకుండా మూసివేయదు. దాని వెనుక హౌస్ ర్యాప్ అనే పలుచని పొర, ఆ వెనుక చెక్కపొట్టు బోర్డు ఉంటాయి. నీటిని చివరికి ఆపేది ఆ హౌస్ ర్యాప్. అందుకే వినైల్ పానెల్‌ను మేకులతో బిగించి కొట్టరు. పై అంచులో పొడవాటి రంధ్రాలుంటాయి, వాటి మధ్యలో మేకు దిగి, తలకూ పానెల్‌కూ నడుమ అంగుళంలో 32వ వంతు ఖాళీ మిగలాలి. ఎండకు, చలికి 12 అడుగుల పానెల్ దాదాపు అర అంగుళం సాగి కుంచించుకుంటుంది కాబట్టి ఆ వదులు అవసరం. కనుక పానెల్‌ను చేత్తో పట్టి పక్కలకు జరిపితే కొద్దిగా కదిలితే అది లోపం కాదు, సరిగ్గా బిగించారనడానికి గుర్తు. ఇది తెలియక, కదిలింది కదా అని పగిలిపోయిందనుకునే వాళ్లున్నారు, ఆ కదలికనే చూపించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు.

బయటికి వెళ్లే ముందు కరెంటు తీగల సంగతి చూడండి. ఇంటికి వచ్చే తీగ వేలాడుతున్నా, మీటరు పెట్టె గాని దాని పైపు గాని గోడ నుంచి ఊడి వంగినా ఆ వైపు వెళ్లకండి, కరెంటు సంస్థ కామెడ్‌కు ఫోన్ చేయండి. పిల్లలను ఆ పక్కకు పోనివ్వకండి. తడి నేల మీద నిచ్చెన వేయవద్దు. సైడింగ్ తనిఖీలో చాలా భాగం నేల మీద నిలబడి, ఫోన్ కెమెరా జూమ్‌తోనో బైనాక్యులర్‌తోనో చేయవచ్చు. నిచ్చెనను వినైల్‌కు ఆనిస్తే ఆ చోట కొత్త సొట్ట మీరే చేసినట్టవుతుంది.

మొదటి పని సైడింగ్ చూడడం కాదు, దాని చుట్టూ ఉన్న వస్తువులను చూడడం. వినైల్ మీద చిన్న పగులు అంత తేలికగా కనిపించదు గాని, మెత్తని లోహం వడగల్లు తగిలిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుంటుంది. ఏసీ యూనిట్ చుట్టూ ఉండే పలుచని అల్యూమినియం రేకులు ఏ వైపు నొక్కుకుపోయాయో చూడండి. గట్టర్ ముందు భాగం, డౌన్‌స్పౌట్, గ్యారేజీ తలుపు, డ్రైయర్ గొట్టం మూత, కిటికీ మెష్, గ్రిల్ మీద కప్పిన కవర్, ఉత్తరాల పెట్టె, ఇవన్నీ సాక్ష్యాలే. లోహం మీద సొట్టలు కనిపించనప్పుడు సుద్దముక్కను అడ్డంగా పట్టి మెల్లగా రుద్దితే, గుంట పడిన చోట సుద్ద అంటక గుండ్రటి మచ్చలా మిగిలిపోతుంది. డెక్ కర్రల మీద, పచ్చ రంగు కరెంటు పెట్టెల మీద, పాత ఫెన్సు మీద వడగల్లు తగిలిన చోట మురికి, పాతబడిన పైపొర తుడుచుకుపోయి లేత రంగు చుక్కలు కనిపిస్తాయి. నాలుగు వానలు పడితే ఈ చుక్కలు మాసిపోతాయి. కనుక వీటి ఫొటోలు ఈ రోజే తీయండి, సైడింగ్ ఫొటోలు రేపు తీసినా పరవాలేదు.

ఈ గుర్తులన్నీ ఒక చిన్న బొమ్మ గీసి దాని మీద వేయండి. కాగితం మీద ఇంటి నాలుగు గోడలు గీసి, ఉత్తర దిక్కు రాసి, సొట్టలు దొరికిన చోటల్లా చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కువగా ఒకటి రెండు వైపుల పడితే వడగళ్లు ఆ వైపు నుంచి వచ్చాయన్నమాట. నిట్టనిలువుగా పడే వడగల్లు గోడను తాకదు, గాలి ఏటవాలుగా తోసుకువస్తేనే తాకుతుంది. మన ప్రాంతంలో పెద్ద గాలివానలు ఎక్కువగా పడమర, నైరుతి, వాయవ్య దిక్కుల నుంచి వస్తాయి కాబట్టి పడమటి గోడ, దక్షిణపు గోడ ముందు చూడవలసినవి. అయితే మీ ఇంటి విషయంలో ఊహించకండి, ఆ రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో మీ ఏసీ యూనిట్, కిటికీ మెష్ చెప్పాలి. జాతీయ వాతావరణ సేవ ఆ రోజు మీ చుట్టుపక్కల నమోదు చేసిన వడగళ్ల పరిమాణం, గాలి వేగం కూడా చూసి దాచుకోండి. 2010 నుంచి ఆ సంస్థ 1 అంగుళం, అంటే క్వార్టర్ నాణెం అంత వడగల్లును తీవ్రమైనదిగా లెక్కిస్తోంది, గాలికైతే గంటకు 58 మైళ్లు ఆ హద్దు. ఎండకు పెళుసెక్కిన పాత వినైల్ అంతకన్నా చిన్న వడగల్లుకు కూడా పగలవచ్చు కాబట్టి ఈ అంకె దగ్గరే తీర్పు చెప్పుకోవద్దు.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూస్తే వినైల్ మీద దాదాపు ఏమీ కనిపించదు, మీకు రెండు మూడే కనిపించడానికి కారణం అదే కావచ్చు. ఉదయమో సాయంత్రమో ఎండ గోడను పక్క నుంచి రాసుకుంటూ పడే వేళ, గోడ చివర నిలబడి, చెంప దాదాపు గోడకు ఆనేంత దగ్గరగా పెట్టి పొడవునా చూడండి. రాత్రి అయితే టార్చిని గోడకు సమాంతరంగా పట్టండి. నీడల్లో ప్రతి గుంటా, ప్రతి చీలికా తేలుతుంది. ఆ తర్వాత ఒక్కొక్క వరుసలో పానెల్ కింది అంచును వేలితో తడుముతూ నడవండి, పదునైన అంచులుంటాయి కాబట్టి చేతికి తొడుగు ఉండాలి. వడగల్లు దెబ్బ ఎక్కువగా దొరికేది ఇక్కడే. పానెల్ మధ్య భాగం కొంత వంగి దెబ్బను కాచుకుంటుంది, కాని కింది అంచు మడత పడి ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది కాబట్టి అక్కడ అర్ధచంద్రాకారంలో ముక్క ఎగిరిపోతుంది. మరి కొన్ని చోట్ల గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ నక్షత్రంలా చీలికలు ఉంటాయి. మధ్య భాగంలో వెంట్రుకంత సన్నని వంపు పగులు మాత్రమే ఉన్న చోట్లూ ఉంటాయి. అక్కడ బొటనవేలితో మెల్లగా నొక్కితే రెండు పెదవులు విడివడినట్టు పగులు తెరుచుకుంటుంది.

దెబ్బ కొత్తదా పాతదా అనేది పగిలిన అంచు చెబుతుంది. పాత వినైల్ పైపొర ఎండకు వెలిసిపోయి, వేలు రాస్తే సుద్ద లాంటి పొడి అంటుతుంది. కొత్తగా పగిలిన చోట అంచు శుభ్రంగా, పదునుగా ఉండి, లోపలి రంగు పైరంగు కన్నా నిండుగా కనిపిస్తుంది. ఏళ్ల కిందటి పగులులో దుమ్ము, నాచు, సాలెగూడు పేరుకుని, అంచులు మొద్దుబారి ఉంటాయి. ఈ తేడా పట్టుబడేలా దగ్గరి ఫొటో ఒకటి తీయండి, అడ్జస్టర్ ముందు నోటిమాట కన్నా ఆ ఫొటో గట్టిగా నిలబడుతుంది.

దెబ్బలు గోడ మీద ఎక్కడెక్కడ పడ్డాయన్నదీ గమనించండి. చూరు ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి దాని కిందనే ఉన్న ఒకటి రెండు అడుగుల గోడ సాధారణంగా తప్పించుకుంటుంది, చెట్టు గాని పక్కింటి గోడ గాని అడ్డున్న భాగమూ అంతే. దెబ్బల పరిమాణం కూడా ఒకేలా ఉండదు, ఎందుకంటే వడగళ్లు ఒకే సైజులో పడవు. ఇందుకు భిన్నంగా, గాలి తగలని తూర్పు గోడ మీద, మనిషి చేతికి అందే ఎత్తులో మాత్రమే, ఒకే సైజు గుంటలు వరుసగా ఉంటే అవి ఆకాశం నుంచి పడినవి కావు. అటువంటి మోసాలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూసిపెడతామంటే మీరు పక్కన లేకుండా ఇంటి చుట్టూ తిరగనివ్వకండి, మీ ఫొటోలు తీయడం పూర్తయ్యే దాకా నిచ్చెన ఎక్కనివ్వకండి.

గాలి దెబ్బ వడగల్లు దెబ్బకు వేరు, ఇక్కడ చాలామంది పొరబడతారు. వడగళ్లు గాలికి ఎదురుగా ఉన్న గోడను కొడతాయి. గాలి మాత్రం ఎదురు గోడను లోపలికి నెట్టి, పక్క గోడలను, వెనుక గోడను బయటికి పీలుస్తుంది. ఆ పీల్పు మూలల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి పడమటి గాలి వీచిన రాత్రి పగుళ్లు పడమటి గోడ మీద ఉండి, ఊడిన పానెళ్లు ఉత్తర, దక్షిణ గోడల మూలల్లో ఉంటే ఆశ్చర్యపోకండి, అది సహజమే. 2020 ఆగస్టు 10న అయోవా నుంచి ఇల్లినాయ్ మీదుగా సాగిన డెరెచో వంటి తిన్నని గాలులకు ఈ లెక్క బాగా సరిపోతుంది. 2021 జూన్ 20 రాత్రి మీ నేపర్‌విల్‌నే తాకిన ఈఎఫ్3 టోర్నడో వంటి సుడిగాలికి మాత్రం సరిపోదు. సుడిగాలిలో ఎగిరిన చెక్కలు, రేకులు అన్ని వైపుల నుంచీ తగులుతాయి కనుక నాలుగు గోడలనూ సమానమైన శ్రద్ధతో చూడవలసిందే.

మీ పడకగది చప్పుడు గురించి చెబుతాను. ప్రతి పానెల్ కింది అంచు, దాని కింద ఉన్న పానెల్ పై మడతలో చిక్కుకుని ఉంటుంది. గాలి పీల్పుకు ఆ చిక్కు విడిపోతే పానెల్ ఒక చివర పట్టుకుని మరో చివర వేలాడుతూ గాలికి కొట్టుకుంటుంది. మీకు వినిపించే టపటప శబ్దానికి ఎక్కువ అవకాశమున్న కారణం ఇదే. ఆ గది బయట ప్రతి పానెల్ కింది అంచును వేళ్లతో పట్టి మెల్లగా ముందుకు లాగండి. చిక్కుకుని ఉన్నది రాదు, విడిపోయినది చేతిలోకి వస్తుంది. విడిపోయినది పగలకుండా ఉంటే, హార్డ్‌వేర్ దుకాణంలో కొద్ది డాలర్లకే దొరికే జిప్ టూల్ అనే వంకర కొన ఉన్న పనిముట్టుతో తిరిగి తగిలించవచ్చు. ఈ పని ఎండ వేళ చేయండి, చలిలో వినైల్ పెళుసై చేతిలోనే విరుగుతుంది. ఇంతటితో చప్పుడు ఆగిపోతే ఆ గది విషయంలో క్లెయిమ్ అవసరమే లేదు. కాని తగిలించే ముందు పై అంచులో మేకు రంధ్రాలు చీలిపోయాయేమో చూడండి. చీలితే అది మళ్లీ వచ్చే గాలికి ఊడుతుంది కాబట్టి పానెల్ మార్చాలి. అలాగే మూలల్లో ఉండే నిలువు పట్టీ, కిటికీ చుట్టూ ఉండే జె-చానెల్ అనే పట్టీ, అన్నిటికన్నా కింద ఉండే మొదటి వరుస, చూరు కింది సాఫిట్ పలకలు, ఈ నాలుగూ వదిలివేయకండి. సాఫిట్ ఊడితే గాలి, వాన నేరుగా అటకలోకి పోతాయి కాబట్టి దాన్ని మాత్రం వెంటనే తాత్కాలికంగానైనా మూయించి, రసీదు దాచండి.

గాలివానది కాని నష్టం కూడా కొంత దొరుకుతుంది. దాన్ని నిజాయితీగా పక్కన పెట్టడం మీకే మేలు, ఎందుకంటే అడ్జస్టర్‌కు అలాంటిది ఒకటి కనిపిస్తే మిగిలిన వాటి మీద కూడా అనుమానం వస్తుంది. గ్రిల్ దగ్గర అలలుగా కరిగిన వినైల్ వేడి వల్ల వచ్చింది. గ్రిల్ లేని చోట కూడా ఏటవాలు చారగా కరిగినట్టు ఉంటే, ఎదురుగా ఉన్న లో-ఇ (వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న) కిటికీ అద్దం వైపు చూడండి. మీదైనా పక్కింటిదైనా ఆ అద్దం కొద్దిగా లోపలికి వంగి ఎండను ఒక చోట కేంద్రీకరిస్తే వినైల్ మెత్తబడి వంకరపోతుంది. నేల నుంచి ఒకటి రెండు అడుగుల ఎత్తులోపు మాత్రమే ఉన్న చిల్లులు లాన్ మోవర్ విసిరిన రాళ్లవి, అడుగున వరుసగా ఉన్న గీతలు గడ్డి కత్తిరించే తాడువి. వెనుక పెరట్లో పిల్లలు క్రికెట్ ఆడే ఇళ్లలో వికెట్ల వెనుక గోడ మీద గుండ్రటి పగుళ్లు నేను తరచుగా చూస్తుంటాను. అవి ఒకే చోట గుంపుగా ఉండి, పైన గట్టర్ మీద ఒక్క సొట్టా ఉండదు. పానెల్ మొత్తం పొడవునా అలలు తిరిగి ఉంటే మేకులు మరీ బిగించి కొట్టారని అర్థం, అది కట్టిన నాటి లోపం.

మీది వినైల్ కాబట్టి ఇతర రకాల గురించి తక్కువే చెబుతాను. అల్యూమినియం పగలదు, సొట్టలు పడుతుంది. కొన్ని పాలసీలలో అందం మాత్రమే చెడిన లోహపు నష్టానికి పరిహారం ఇవ్వబోమనే నిబంధన ఉంటుంది కనుక ముందు పాలసీ చదవాలి. డాలస్ వైపు మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఫైబర్ సిమెంటు పలకల్లో అంచులు పెచ్చులూడడం, మూలల్లో చీలడం, రంగు గుండ్రంగా లేవడం చూడాలి. చెక్కపొట్టుతో చేసిన పలకలకు పైపూత పగిలిన చోట నీరు దిగి కొన్ని వారాలకు అంచు ఉబ్బుతుంది, అందుకే వాటిని రెండోసారి తప్పక చూడాలి. 1980కి ముందు కట్టిన ఇళ్లలో గట్టి సిమెంటు పెంకుల వంటి సైడింగ్ ఉంటే అందులో ఆస్‌బెస్టస్ ఉండవచ్చు. దాన్ని విరవకండి, కోయకండి, పరీక్ష చేయించిన తర్వాతే ముట్టుకోండి.

ఫొటోలకు ఒక వరుస పెట్టుకోండి. ప్రతి గోడకూ మొదట దూరం నుంచి మొత్తం కనిపించేలా ఒకటి, తర్వాత ఆ గోడలో ప్రతి దెబ్బనూ రెండు మూడు అడుగుల దూరం నుంచి ఒకటి, పక్కన క్వార్టర్ నాణెం గాని స్కేలు గాని పెట్టి దగ్గరగా ఒకటి. దెబ్బ పక్కన చిన్న కాగితపు టేపు అంటించి పడమర 1, పడమర 2 అని సంఖ్య వేస్తే, దగ్గరి ఫొటో ఏ గోడదో తర్వాత వెతుక్కోనవసరం ఉండదు. దెబ్బ తగలని గోడలను కూడా ఫొటో తీయండి. ఆ గోడలు శుభ్రంగా ఉన్నాయన్నదే, దెబ్బ గాలివానదే అనడానికి మీ దగ్గరున్న బలమైన రుజువు.

అంతా చూశాక క్లెయిమ్ వేయాలా వద్దా అన్నది లెక్కతో తేలుతుంది. మీ పాలసీలో గాలి, వడగళ్లకు విడిగా డిడక్టబుల్ ఉందేమో చూడండి. అది తరచుగా ఇంటి బీమా మొత్తంలో ఒకటి రెండు శాతంగా ఉంటుంది. 4,00,000 డాలర్ల బీమాకు 1 శాతం అంటే 4,000 డాలర్లు మీ జేబులోంచే. నాలుగైదు పానెళ్లు మార్చే ఖర్చు అంతకు చేరకపోవచ్చు. అప్పుడు క్లెయిమ్ వేస్తే డబ్బు రాకపోగా, ఆ క్లెయిమ్ ఇన్సూరెన్స్ కంపెనీలు చూసుకునే క్లూ రిపోర్టు అనే పాత క్లెయిమ్‌ల చిట్టాలో ఏడేళ్ల వరకు కనిపిస్తుంది. నష్టం డిడక్టబుల్ దాటుతుందని తేలితే మాత్రం ఆలస్యం చేయకండి, త్వరగా తెలియజేయడం పాలసీ షరతుల్లో ఒకటి. మీది రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది వేయడానికయ్యే ఖర్చు ఇచ్చే) పాలసీ అయితే మొదటి చెక్కులో తరుగుదల మినహాయించి ఇచ్చి, పని పూర్తయ్యాక మిగిలినది ఇస్తారు. యాక్చువల్ క్యాష్ వాల్యూ (తరుగుదల పోను విలువ మాత్రమే ఇచ్చే) పాలసీ అయితే ఆ మిగిలినది రాదు, ఇరవై ఏళ్లు దాటిన సైడింగ్‌కు ఈ తేడా చాలా పెద్దది.

ఇక్కడే అసలైన చిక్కు వస్తుంది. 2002 నాటి పానెల్ రంగు, ఆకారం ఈ రోజు దుకాణంలో దొరకకపోవచ్చు, దొరికినా మీ గోడ మీద ఉన్నది ఎండకు వెలిసి ఉంటుంది. పడమటి గోడ ఒక్కటే మారిస్తే మిగిలిన రెండు గోడలతో కలవదు. ఈ తగాదా మీ ఊళ్లోనే కోర్టుకు వెళ్లింది. 2014 మే 20 నాటి వడగళ్లు, గాలి వల్ల నేపర్‌విల్‌లోని విండ్‌రిడ్జ్ అనే కాండోమినియం సముదాయంలో దక్షిణ, పడమటి గోడల అల్యూమినియం సైడింగ్ దెబ్బతింది. అదే రకం సైడింగ్ దొరకడం లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ రెండు వైపులకే ఇస్తానన్నది. 2019లో ఏడవ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు, కలిసే సైడింగ్ దొరకనప్పుడు ఆ పాలసీ మాటల ప్రకారం నాలుగు వైపులా మార్చవలసిందేనని తీర్పు చెప్పింది. అది ఆ పాలసీలోని పదాల మీద ఆధారపడిన తీర్పు కనుక మీకు అలాగే వర్తిస్తుందని అనుకోవద్దు. కొన్ని పాలసీలు రంగు కలవకపోవడానికి పరిహారం ఇవ్వబోమని, లేదా కొంత మొత్తం వరకే ఇస్తామని స్పష్టంగా రాస్తాయి. అయినా అడ్జస్టర్‌ను తప్పక అడగవలసిన ప్రశ్న ఇది: ఈ పానెల్‌కు కలిసేది దొరుకుతుందా, దొరకకపోతే ఏం చేస్తారు? ఊడిన ముక్క ఒకటి పారేయకుండా దాచండి, దాన్ని పంపితే ఏ తయారీదారుదో, ఇంకా దొరుకుతుందో లేదో చెప్పే ప్రయోగశాలలు ఉన్నాయి. క్లెయిమ్ లేకుండా మీరే బాగుచేయించుకుంటే, డెక్ వెనుకో ఏసీ యూనిట్ వెనుకో ఉన్న పాత పానెల్‌ను విప్పి కంటికి కనిపించే చోట వేయించి, కొత్తదాన్ని ఆ మరుగు చోట వేయించండి. రంగు తేడా ఎవరికీ తెలియదు.

ఇది చదివేవారిలో టౌన్‌హోమ్‌లో ఉన్నవారికి ఒక మాట. మీ బయటి గోడలు చాలావరకు అసోసియేషన్ (ఇళ్ల యజమానుల సంఘం) అందరి తరఫున తీసుకున్న మాస్టర్ పాలసీ కిందకు వస్తాయి, మీ సొంత పాలసీ మీద క్లెయిమ్ వేయకముందు అసోసియేషన్‌కు ఫొటోలతో రాతపూర్వకంగా తెలపండి. విడి ఇళ్లలోనూ హెచ్‌ఓఏ అనే అలాంటి సంఘం ఉంటే కొత్త రంగుకు ముందే అనుమతి తీసుకోవాలి.

సంతకం అడిగిన మనిషి విషయం. డిడక్టబుల్ మీ మీద పడకుండా చూస్తామని మాట ఇవ్వడం ఇల్లినాయ్ గృహ మరమ్మతుల చట్టం నిషేధించిన పని. ఆ మాట అన్నారంటే ఆ సంస్థతో మీకు పని లేదని నా స్పష్టమైన అభిప్రాయం. మీ తరఫున ఇన్సూరెన్స్ కంపెనీతో క్లెయిమ్ బేరం చేయడానికి పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్సు కావాలి, కాంట్రాక్టర్ చేయగలిగినది తన అంచనాను అడ్జస్టర్‌కు వివరించడం వరకే. రూఫింగ్ పనికి ఈ రాష్ట్రంలో లైసెన్సు తప్పనిసరి కాబట్టి ఆ సంఖ్య అడిగి సరిచూడండి. 1,000 డాలర్లు దాటిన ఏ మరమ్మతుకైనా రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. ఇప్పటికే సంతకం పెట్టినవారు ఎవరైనా ఉంటే, ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌ను పూర్తిగానో కొంతగానో తిరస్కరించినట్టు రాతపూర్వకంగా తెలిపిన తర్వాత 5 పనిదినాల లోపు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంది. అడ్జస్టర్ వచ్చే రోజున మీరు ఇంట్లో ఉండండి. మీరు గీసిన బొమ్మ చేతికిచ్చి, ఒక్కొక్క గోడ దగ్గరికీ కలిసి నడవండి. ముందు ఇటుక గోడ చూసి వెళ్లిపోబోతే వెనక్కి పిలిచి పడమటి గోడ కింది అంచులు చూపించండి.

ఇంటి లోపల కూడా ఒకసారి చూడాలి. దెబ్బ తగిలిన గోడకు లోపలి వైపున కిటికీ కింది మూలలు, నేలను ఆనుకుని ఉండే బేస్‌బోర్డు, ఆ గోడలోని ప్లగ్ పెట్టెల చుట్టూ ఉన్న చోటు, అటకలో ఆ వైపు చెక్క, వీటి మీద మరకలు గాని ఉబ్బు గాని తగులుతాయేమో చేత్తో తడిమి చూడండి. ఈ వారం ఏమీ కనిపించకపోవచ్చు. పగిలిన పానెల్ వెనుక హౌస్ ర్యాప్ కూడా చిరిగి ఉంటే వాన పడినప్పుడల్లా కొద్దికొద్దిగా నీరు దిగి, నెలా రెండు నెలలకు గాని లోపలి గోడ మీద తేలదు. అందుకని మరమ్మతు చేసేవాళ్లు పానెల్ విప్పిన రోజున మీరు అక్కడ నిలబడి, వెనుక పొర చిరిగిందా, బోర్డు నల్లబడిందా, వేలితో నొక్కితే మెత్తగా దిగుతోందా చూసి, కొత్త పానెల్ వేయకముందే ఫొటో తీయండి. అప్పుడు బయటపడిన నష్టానికి, క్లెయిమ్ అప్పటికే తేలిపోయి చెక్కు వచ్చి ఉన్నా, సప్లిమెంట్ అని అదనపు మొత్తం అడగవచ్చు. పానెల్ మూసేసిన తర్వాత అడిగితే మీ మాటకు ఆధారం ఉండదు కనుక, పని మొదలుపెట్టే ముందు రోజే కాంట్రాక్టర్‌కు ఈ సంగతి చెప్పి, విప్పిన గోడను మీరు చూసేదాకా మూయవద్దని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించండి.